వైజ్ఞానిక సంఘం కార్యవర్గానికి మళ్లీ పోటీ: అర్హత, హద్దులు, ఓట్ల లెక్క

వైజ్ఞానిక సంఘం కార్యవర్గానికి తొలిసారి నిలబడేవారికీ రెండోసారి నిలబడేవారికీ నామినేషన్ పత్రం ఒకటే. చిక్కులు మాత్రం వేరు. కొత్తవారికి సభ్యులు తమను గుర్తుపడతారో లేదో అన్న బెంగ ఉంటుంది. పదవిలో ఉన్నవారికి ఆ బెంగ లేదు. పేరు అందరికీ తెలుసు, సభ్యుల ఈమెయిళ్లు చేతిలో ఉన్నాయి, సంఘం లెటర్‌హెడ్ బల్ల మీదే ఉంది. వాటితోపాటు పదవీకాల పరిమితి, గడిచిన మూడేళ్ల లెక్కలు, ‘తన ఎన్నికను తానే జరిపించుకున్నాడు’ అనే మాట పడే ప్రమాదం కూడా ఉన్నాయి. ఇలాంటి ఎన్నికలు వివాదమయ్యేది అభ్యర్థి పనితనం దగ్గర కాదు. ఎక్కువగా చందా బకాయి పడిన ప్రతిపాదకుడు, తప్పుల తడక ఓటర్ల జాబితా, అధికారిక ఈమెయిల్ నుంచి వెళ్లిన ప్రచార లేఖ వంటివాటి దగ్గరే. అందుకే మళ్లీ పోటీ చేసేవారు ఓట్లు అడగడానికి ముందే తమను తాము పదవి నుంచి వేరుచేసుకునే పని మొదలుపెట్టాలి.

తెలుగు నేలకు ఈ సంఘాలతో పాత అనుబంధమే ఉంది. గుత్తిలో డిప్యూటీ కలెక్టర్‌గా ఉన్న వి.రామస్వామి అయ్యర్ 1907లో కొద్దిమంది గణిత ప్రియులను కూడగట్టి ప్రారంభించిన ‘అనలిటిక్ క్లబ్’ ఇవాళ్టి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1972లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కేంద్రంగా పుట్టింది. ఇండియన్ జియోఫిజికల్ యూనియన్ హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణ నుంచి పనిచేస్తోంది. ఇక అమెరికా, బ్రిటన్ సంఘాల్లో ఓటు హక్కున్న తెలుగువారు ఎందరో. ఈ సంఘాల కార్యవర్గమే పరిశోధన పత్రికకు సంపాదకుణ్ని నియమిస్తుంది. ఫెలోషిప్పులు, పురస్కారాలు, యువ పరిశోధకుల ప్రయాణ ఖర్చులు, వార్షిక సదస్సు వేదిక కూడా అక్కడే తేలతాయి. బయటివారికి చిన్నగా కనిపించే ఈ పదవులకు శాస్త్ర రంగంలో బరువు ఎక్కువే.

ఏ చట్టం, ఏ నియమావళి

మొదట తేల్చుకోవాల్సింది సంఘం ఎక్కడ రిజిస్టర్ అయిందన్నది. కార్యదర్శి మారినప్పుడల్లా ఆఫీసు ఊళ్లు మారవచ్చు గానీ రిజిస్ట్రేషన్ మారదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. కర్ణాటకకు 1960 నాటి, పశ్చిమ బెంగాల్‌కు 1961 నాటి, తమిళనాడుకు 1975 నాటి సొంత చట్టాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో తన చట్టం తెచ్చుకుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తన పేరుతో అన్వయించుకుంది. హైదరాబాద్‌లో ఆఫీసున్నా బెంగళూరులో రిజిస్టరైన సంఘానికి కర్ణాటక చట్టమే వర్తిస్తుంది.

చట్టం ఇచ్చేది చట్రం మాత్రమే. ఎన్నేళ్ల పదవి, ఎన్నిసార్లు పోటీ, ఎవరు ప్రతిపాదించాలి, ఓటు ఎలా వేయాలి అనేవన్నీ సంఘం నియమావళిలోనే ఉంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. వెబ్‌సైట్లో పెట్టిన ప్రతికి, రిజిస్ట్రార్ దగ్గరున్న ప్రతికి తేడా ఉండటం అరుదేమీ కాదు. సర్వసభ్య సమావేశంలో సవరణ ఆమోదించి, మినిట్స్‌లో రాసి, దాఖలు చేయడం మరిచిపోతారు. కొన్నేళ్ల తర్వాత ‘వరుసగా రెండుసార్లే’ అన్న నిబంధన అమల్లో ఉందా లేదా అన్నది తగువవుతుంది. మళ్లీ పోటీ చేయాలనుకునేవారు రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తెప్పించుకుని చదవడం ఉత్తమం. ఆ ఖర్చు సంఘం ఖాతాలో కాకుండా సొంతంగా పెట్టుకోవాలి.

పదవీకాలం లెక్కలో మెలికలు

‘ఏ సభ్యుడూ వరుసగా రెండు పర్యాయాలకు మించి కార్యవర్గంలో ఉండరాదు’ అన్న వాక్యం చదవడానికి తేలిక. అన్వయించబోతే మూడు ప్రశ్నలు వస్తాయి. మధ్యలో ఖాళీ పడిన స్థానంలోకి వచ్చినవారి కాలం పూర్తి పర్యాయమా? కౌన్సిల్ సభ్యుడిగా రెండుసార్లు ఉన్నవారు ఇప్పుడు కోశాధికారి పదవికి నిలబడవచ్చా? ఒక పర్యాయం విరామం ఇచ్చాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా?

మంచి నియమావళి మూడింటికీ జవాబు చెబుతుంది. మొదటిదానికి ‘సగానికి మించి పనిచేస్తే పూర్తి పర్యాయంగా లెక్క’ అన్న సూత్రం వాడుకలో ఉంది. మూడేళ్ల పదవికి 36 నెలలు. 14 నెలలు గడిచాక ఒకరిని కో-ఆప్ట్ చేశారనుకుందాం, అంటే ఎన్నిక లేకుండా కార్యవర్గమే చేర్చుకుందన్నమాట. ఆయన పనిచేసేది 22 నెలలు. 18 దాటింది కాబట్టి అది పూర్తి పర్యాయమే. ఇక ఒక్కసారే పోటీ చేయగలరు. 20 నెలలు గడిచాక వచ్చి ఉంటే 16 నెలలే కాబట్టి లెక్కలోకి రాదు. నియమావళి మౌనంగా ఉంటే అభ్యర్థి తనకు అనుకూలమైన అర్థం తీసి ముందుకు పోకూడదు. నామినేషన్లకు ముందే రిటర్నింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగాలి, ఆ జవాబును అందరికీ తెలిసేలా పెట్టమనాలి. గెలిచాక లేచే అభ్యంతరం కన్నా ముందే వచ్చే ‘కుదరదు’ అన్న జవాబు సంఘానికి మేలు.

కొన్ని సంఘాల్లో అసలు ‘మళ్లీ అధ్యక్ష పదవి’ అన్న ప్రశ్నే పుట్టదు. అమెరికన్ ఫిజికల్ సొసైటీలో సభ్యులు ఎన్నుకునేది ఉపాధ్యక్షుణ్ని. ఆ వ్యక్తే మరుసటి ఏడాది ‘ఎన్నికైన అధ్యక్షుడు’ (ప్రెసిడెంట్-ఎలెక్ట్, అంటే తర్వాత అధ్యక్ష పదవి చేపట్టబోయేవారు), ఆపైన అధ్యక్షుడు, చివరగా పూర్వాధ్యక్షుడు అవుతారు. ఒక్క ఓటుతో నాలుగేళ్ల బాధ్యత. అమెరికన్ కెమికల్ సొసైటీలో ఇదే వరుస మూడేళ్లు. బ్రిటన్‌లో శాస్త్ర సంఘాలు చాలావరకు చారిటీలు కావడంతో వాటికి మరో కొలమానం ఉంది. అక్కడ 2017లో వచ్చిన చారిటీ గవర్నెన్స్ కోడ్ ప్రకారం ట్రస్టీ 9 ఏళ్లు దాటి కొనసాగాలంటే కఠినంగా సమీక్షించి, కారణాన్ని వార్షిక నివేదికలో వివరించాలి. చట్టబద్ధ నిషేధం కాకపోయినా కారణం రాతలో చెప్పాల్సి రావడమే మంచి కళ్లెం.

భారతీయ సంఘాల్లో చాలాచోట్ల కార్యవర్గం మొత్తం ఒకేసారి దిగిపోతుంది. అందరూ కొత్తవారే వస్తే బ్యాంకు సంతకాల నుంచి పత్రిక ముద్రణ ఒప్పందం దాకా అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇలాంటిచోట ముగ్గురు నలుగురు మళ్లీ పోటీ చేయడం అవసరమే. ఏటా మూడోవంతు స్థానాలు మాత్రమే ఖాళీ అయ్యే సంఘాల్లో ఈ వాదనకు బలం తక్కువ. ‘కొనసాగింపు కోసం’ అన్న మాట అక్కడ సభ్యుల ముందు నిలవదు. ఇంకొకటి. పదవిలో ఉండగా పదవీకాలాన్ని పొడిగించే సవరణ తెచ్చేవారు అది తమకు వర్తించదని సవరణలోనే రాసుకోవాలి. అలా రాయని సవరణను సభ్యులు ఓడించడమే న్యాయం.

ఓటర్ల జాబితా

1860 చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం చందా బకాయి 3 నెలలు మించినవారికి ఓటు లేదు, వారిని సభ్యులుగా లెక్కించరు కూడా. ఈ ఒక్క వాక్యం ఎందరి నామినేషన్లనో ప్రశ్నార్థకం చేయగలదు. అభ్యర్థి తన చందా కట్టినా, ప్రతిపాదించినవారు కట్టకపోతే పత్రం చెల్లదు. జీవితకాల సభ్యులకు ఈ బెడద లేదు గానీ వారి జాబితాలో వేరే ఇబ్బందులుంటాయి. కాలం చేసినవారి పేర్లు అలాగే ఉంటాయి. ఉద్యోగ విరమణతో సంస్థ ఈమెయిల్ మూతపడినవారు ఉంటారు. పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు చేరి ఇప్పుడు విదేశాల్లో ఉన్నవారిని పాత హాస్టల్ చిరునామాతోనే చూపిస్తారు. విద్యార్థి సభ్యులకు, సంస్థాగత సభ్యులకు ఓటుందో లేదో, కొన్ని పదవులకు ఫెలోలు మాత్రమే ఓటు వేయాలో నియమావళిలో చూసుకోవాలి.

కొత్త సభ్యత్వాల దగ్గరే అసలు చిక్కు. దరఖాస్తులు ఆమోదించేది ఉన్న కార్యవర్గమే. ఎన్నికలకు రెండు నెలల ముందు ఒకే విశ్వవిద్యాలయం నుంచి 60 దరఖాస్తులు వస్తే, అక్కడి ఆచార్యుడే మళ్లీ పోటీలో ఉంటే, అవన్నీ నిజాయతీగా వచ్చినవైనా అనుమానం తప్పదు. దీనికి విరుగుడు గడువు తేదీ ఒక్కటే. ఫలానా రోజు నాటికి చేరినవారికే ఓటు అని ముందే ప్రకటించాలి. ఆ తేదీ నామినేషన్లకు కనీసం మూడు నెలల ముందుండాలి. పోటీ చేయనున్న కార్యవర్గ సభ్యులు ఆ కాలంలో సభ్యత్వ పరిశీలన కమిటీలో కూర్చోకూడదు.

తేదీలను సర్వసభ్య సమావేశం నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. సమావేశం ఫిబ్రవరి 10న అనుకుందాం. ఓటింగ్ జనవరి 20న ముగియాలి. అప్పుడే లెక్కింపుకు, అభ్యంతరాలకు మూడు వారాలు మిగులుతాయి. 14న ముగిస్తే సంక్రాంతి సెలవుల్లో తెలుగు రాష్ట్రాల సభ్యుల ఓట్లు సగం జారిపోతాయి. డిసెంబర్ 30న ఓటింగ్ మొదలుపెడితే మూడు వారాలు దొరుకుతాయి. నామినేషన్లు నవంబర్ 5 నుంచి డిసెంబర్ 5 వరకు, 10న పరిశీలన, 17న ఉపసంహరణకు ఆఖరు. దీనికి ముందు అక్టోబర్ 1న ముసాయిదా జాబితా, 21 వరకు సవరణలు, 31న తుది జాబితా. ఓటుహక్కు గడువు తేదీ జులై ఆఖరుకు పడుతుంది. అంటే మళ్లీ పోటీ చేయాలా వద్దా అన్నది అభ్యర్థి జులైకల్లా తేల్చుకుని, ఆ మాట కార్యవర్గానికి చెప్పేయాలి. నవంబర్ దాకా నాన్చితే ఈలోపు ఎన్నికకు సంబంధించి తాను పాల్గొన్న ప్రతి నిర్ణయమూ ప్రశ్నకు గురవుతుంది.

పదవికీ అభ్యర్థికీ మధ్య గోడ

పోటీ చేస్తున్నట్టు చెప్పిన క్షణం నుంచి అభ్యర్థి కొన్ని చర్చల్లో ఉండకూడదు. ఎన్నికల తేదీలు, రిటర్నింగ్ అధికారి నియామకం, ఓటర్ల జాబితా, అభ్యర్థుల పేర్లు సూచించే నామినేటింగ్ కమిటీ కూర్పు, ఓటింగ్ సేవల సంస్థ ఎంపిక ఆ కోవలోవి. గదిలోనే ఉండి మాట్లాడకుండా కూర్చోవడం చాలదు. లేచి బయటికి వెళ్లాలి, అది మినిట్స్‌కు ఎక్కాలి. ‘7వ అంశం చర్చకు వచ్చినప్పుడు, మళ్లీ పోటీ చేయనున్నట్టు తెలిపిన కోశాధికారి, ఇద్దరు కౌన్సిల్ సభ్యులు సమావేశం నుంచి వెళ్లారు. మిగిలిన 8 మందితో కోరం ఉంది’ అన్నట్టు రాసుకుంటే చాలు. ఆన్‌లైన్ సమావేశమైతే కెమెరా ఆపడం కాదు, లింకు నుంచే బయటికి రావాలి. అందరూ మళ్లీ పోటీ చేస్తే కోరమే మిగలదు. అలాంటప్పుడు ఆ అంశాలను పోటీలో లేని మాజీ అధ్యక్షులు ముగ్గురికి అప్పగించే తీర్మానాన్ని ముందే చేసిపెట్టుకోవాలి.

రిటర్నింగ్ అధికారి ఎవరన్నది పెద్ద మాట. పోటీలో లేకపోతే సరిపోదు. ఏ అభ్యర్థికీ బంధువు, ప్రస్తుత సహరచయిత, అదే విభాగంలో కింది ఉద్యోగి, పరిశోధన గైడు కాకూడదు. చిన్న శాస్త్ర శాఖల్లో అందరూ అందరికీ ఏదో రకంగా సంబంధమే కాబట్టి ఇక్కడ గణాంకశాఖ నుంచో, లా కాలేజీ నుంచో సభ్యుడు కాని ఒకరిని పిలవడం తెలివైన పని.

తర్వాత వనరుల సంగతి. సభ్యులు తమ ఈమెయిళ్లు ఇచ్చింది సంఘం సమాచారం కోసం. ఒక అభ్యర్థి ప్రచారానికి కాదు. కార్యదర్శి లాగిన్‌తో తీసిన జాబితాకు ‘మీ అమూల్యమైన ఓటు’ అంటూ లేఖ పంపితే ఆ ఎన్నికపై మచ్చ పడుతుంది. అందరు అభ్యర్థుల ప్రకటనలనూ ఒకే ఈమెయిల్‌లో, అక్షరక్రమంలో లేదా చీటీ తీసిన వరుసలో, రిటర్నింగ్ అధికారి పేరుతో పంపడమే సరైన దారి. పత్రిక సంపాదకీయం, సదస్సు వేదిక, సంఘం సోషల్ మీడియా ఖాతా, లోగో ఇవన్నీ కూడా అంతే. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐట్రిపుల్‌ఈ వంటి పెద్ద సంస్థల్లో సంస్థ వనరులు ప్రచారానికి వాడరాదన్న నియమాలు రాతపూర్వకంగానే ఉన్నాయి. చిన్న సంఘాలు వాటిని చూసి ఒక పేజీ ప్రవర్తనా నియమావళి రాసుకోవచ్చు.

కనిపించని ప్రభావాలు వేరే ఉన్నాయి, అవే ఎక్కువ బాధ పెట్టేవి. పత్రిక సంపాదకుడే అభ్యర్థి అయితే, ఆయన బల్ల మీద వ్యాసం ఉన్న యువ పరిశోధకురాలు ఎవరికి ఓటేస్తుందో ఆలోచించండి. ప్రయోగశాల డైరెక్టర్ ‘మనవాళ్లంతా వేశారా’ అని అడిగితే కింది శాస్త్రవేత్త ఏం చెబుతాడు? పురస్కారాల ప్రకటన ఓటింగ్ వారంలో పడితే? వీటికి తగిన ఏర్పాట్లున్నాయి. అభ్యర్థి అయిన సంపాదకుడు నామినేషన్ నుంచి ఫలితం దాకా తుది నిర్ణయాలను సహ సంపాదకుడికి అప్పగించాలి. పురస్కారాలు, ప్రయాణ నిధుల మంజూరు నామినేషన్లకు ముందో, ఫలితాల తర్వాతో ప్రకటించాలి. తన విద్యార్థులను, తన విభాగం ఉద్యోగులను ఓటు అడగకపోవడం, ప్రతిపాదకులుగా పెట్టుకోకపోవడం అభ్యర్థి పాటించాల్సిన మర్యాద. నియమావళిలో లేకపోయినా పాటించాలి.

నామినేషన్ పత్రం, మూడు వందల మాటల ప్రకటన

పత్రం నింపడం చిన్న పనే గానీ తిరస్కరణలు ఇక్కడే జరుగుతాయి. ఒకే సభ్యుడు ఒకే పదవికి ఇద్దరిని ప్రతిపాదిస్తే చాలా నియమావళుల్లో రెండూ చెల్లవు. సభ్యత్వ సంఖ్య తప్పు రాయడం, అంగీకార సంతకం బదులు పేరు టైపు చేసి పంపడం, ఆఖరి రోజు అర్ధరాత్రి ఏ దేశపు అర్ధరాత్రో చూసుకోకపోవడం కూడా మామూలే. అవసరమైన దానికన్నా ఇద్దరు ప్రతిపాదకులను అదనంగా పెట్టుకుని, గడువుకు పది రోజుల ముందే పంపి, అందినట్టు రసీదు తీసుకుంటే లోపం దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

నామినేటింగ్ కమిటీ ఉన్నచోట పదవిలో ఉన్నవారి పేరు దానంతటదే జాబితాలోకి వస్తుందనుకోకూడదు. కొన్ని సంఘాల్లో కమిటీ పేర్లు ఇచ్చాక కూడా సభ్యులు సంతకాలు సేకరించి పిటిషన్ ద్వారా మరొకరిని నిలబెట్టవచ్చు. 4 లక్షలకు పైగా సభ్యులున్న ఐట్రిపుల్‌ఈలో ఈ మార్గం ఉంది. అక్కడ ఓటింగ్ ఆగస్టు మధ్యలో మొదలై అక్టోబర్ 1న ముగుస్తుంది. కమిటీ పక్కనపెట్టిన కార్యవర్గ సభ్యుడు పిటిషన్ మార్గంలో రావడం తప్పేమీ కాదు. అయితే ఎందుకలా రావాల్సి వచ్చిందో తన ప్రకటనలో చెప్పాలి.

ఇక ప్రకటన. మళ్లీ పోటీ చేసేవారి ప్రకటన జీవిత విశేషాల పట్టిక కాకూడదు. ఆ పట్టిక మూడేళ్ల కిందటే సభ్యులు చూశారు. వారికిప్పుడు కావాల్సింది లెక్క. ‘నా హయాంలో పత్రిక ప్రమాణాలు గణనీయంగా పెరిగాయి’ అని రాస్తే ఎవరూ నమ్మరు, ఎవరూ కాదనలేరు. దాని బదులు ఇలా రాయవచ్చు (అంకెలు నమూనాకే): ‘వ్యాసం అందాక తొలి నిర్ణయానికి 140 రోజులు పట్టేది, ఇప్పుడు 95 రోజులు. 60కి తెస్తామని మాటిచ్చాం. సమీక్షకుల జాబితాను రెట్టింపు చేయలేకపోవడం వల్ల చేరలేకపోయాం. వచ్చే పర్యాయంలో మొదటి పని అదే.’ చేసింది, చేయలేనిది, కారణం, తర్వాతి అడుగు అన్నీ నాలుగు వాక్యాల్లో వచ్చాయి. వార్షిక నివేదికతో సరిపోల్చి చూసుకునే వీలూ సభ్యులకుంది. చేయలేకపోయినదాన్ని చెప్పడానికి చాలామంది జంకుతారు. నిజానికి పదవిలో ఉన్నవారికి కొత్తవారిపై ఉన్న న్యాయమైన ఆధిక్యత ఆ ఒక్కటే: పని ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో వారికి తెలుసు.

కోశాధికారి మళ్లీ నిలబడితే మాటలకన్నా పత్రాలు ముఖ్యం. మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆదాయపు పన్ను మినహాయింపుకు సంబంధించిన 12ఏబీ, 80జీ నమోదుల గడువు తేదీలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వివరం, సదస్సుల నుంచి రావాల్సిన బకాయిలు ఓటింగ్‌కు ముందే సభ్యుల ముందుండాలి. పర్యాయం ఆఖరి ఏడాది ఆడిట్ పూర్తికాకముందే ఎన్నిక జరిగితే, కనీసం సెప్టెంబర్ 30 నాటి తాత్కాలిక లెక్కలైనా ఇవ్వాలి. ఆ ఏడాదికి ఏ లెక్కా చూపకుండా ఓటు అడగడం సభ్యులకు అన్యాయం.

ఓట్లు ఎలా లెక్కిస్తారన్నదే ఫలితం

ఒకే ఓట్లు, రెండు లెక్కింపు పద్ధతులు, ఇద్దరు వేర్వేరు విజేతలు. ఇది సాధ్యమేనని సభ్యులు చాలామంది గమనించరు. కార్యదర్శి పదవికి ముగ్గురు నిలబడ్డారు, 300 ఓట్లు పోలయ్యాయి అనుకుందాం. పదవిలో ఉన్నవారికి 120, కొత్తవారిలో ఒకరికి 95, మరొకరికి 85. ఎక్కువ వచ్చినవారే గెలుపు అనే పద్ధతిలో 40 శాతంతో ఉన్నవారే గెలుస్తారు. ప్రాధాన్య ఓటు పద్ధతిలో అయితే, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో తెలుగువారంతా చూసే ఎలిమినేషన్ ఇక్కడా జరుగుతుంది. మూడో అభ్యర్థిని తొలగించి ఆ 85 ఓట్లలో రెండో ప్రాధాన్యం చూస్తారు. అందులో 65 కొత్తవారికి, 20 పాతవారికి పడితే లెక్క 160కి 140 అవుతుంది. సగం దాటిన కొత్త అభ్యర్థి కార్యదర్శి. కాబట్టి మార్పు కోరేవారి ఓట్లు చీలితే మొదటి పద్ధతి పదవిలో ఉన్నవారికి కలిసొస్తుంది. ఆ పద్ధతినే కొనసాగించాలని పదవిలో ఉన్నవారు వాదించేటప్పుడు సభ్యులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కౌన్సిల్ స్థానాల్లో తేడా ఇంకా ఎక్కువ. 5 స్థానాలు, ఒక్కో ఓటరు 5 ఓట్లు వేయవచ్చు, 200 మంది ఓటర్లు. వారిలో 110 మంది ఒకే ప్యానెల్‌కు గంపగుత్తగా వేస్తే 5 స్థానాలూ వారివే. మిగిలిన 90 మందికి ఒక్కరూ దక్కరు. అదే ఒకే బదిలీ ఓటు పద్ధతిలో (ఓటరు 1, 2, 3 అని ప్రాధాన్యాలు ఇస్తారు, గెలిచినవారి మిగులు ఓట్లు, తొలగిపోయినవారి ఓట్లు తర్వాతి ప్రాధాన్యానికి మారతాయి) గెలుపు కోటా 200ను 6తో భాగించగా వచ్చే పూర్ణాంకానికి ఒకటి కలిపితే 34. 110 మంది ముగ్గురిని (102) గెలిపించుకోగలరు, 90 మంది ఇద్దరిని (68). ఫలితం 5-0 బదులు 3-2. లండన్ మ్యాథమెటికల్ సొసైటీ, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ పద్ధతినే వాడతాయి. ఒక నగరంలో, ఒక పెద్ద ప్రయోగశాలలో సభ్యులు కేంద్రీకృతమైన మన సంఘాలకు ఇది మరింత అవసరం. వరంగల్‌లోనో, అనంతపురంలోనో కాలేజీలో పాఠం చెప్పే సభ్యుడికి కౌన్సిల్‌లో చోటు దొరికే దారి ఇదొక్కటే.

మూడోది ఆమోద ఓటు: నచ్చినవారందరికీ టిక్ పెట్టవచ్చు. మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1986లో దీన్ని చేపట్టింది. ఐట్రిపుల్‌ఈ 1987లో మొదలుపెట్టి 2002లో వదిలేసింది. బోర్డు నిలబెట్టిన ఇద్దరి మధ్య ఓట్లు చీలి పిటిషన్ అభ్యర్థి గెలుస్తారేమోనన్న ఆందోళన దాన్ని తేవడానికి ఒక కారణం. పద్ధతుల మార్పు వెనుక ఎవరి సౌకర్యం ఉందో అడగడం సభ్యుల హక్కు. మార్చాల్సి వస్తే ఒక ఎన్నిక ముగిశాక, తర్వాతి దానికి అభ్యర్థులెవరో ఇంకా తెలియనప్పుడు మార్చాలి.

పద్ధతిని బట్టి అభ్యర్థి మాట కూడా మారాలి. ప్రాధాన్య ఓటు ఉన్నచోట ‘నాకు రెండో ఓటైనా వేయండి’ అనడం సరైన అభ్యర్థనే, అది పనికొస్తుంది. 5 ఓట్లు ఇచ్చినచోట కొందరు అనుచరులతో ‘నాకొక్కడికే వేసి మిగతావి వదిలేయండి’ అని చెప్పిస్తారు. నిబంధన ఒప్పుకున్నా, తన సహచరులను ఓడించి తాను మిగలాలని చూసేవారితో ఆ కౌన్సిల్ మూడేళ్లు ఎలా పనిచేస్తుంది?

ఆన్‌లైన్ ఓటు, తపాలా ఓటు

నియమావళిలో ‘తపాలా బ్యాలెట్’ అని మాత్రమే ఉంటే ఆన్‌లైన్ ఓటుకు ముందు సవరణ కావాలి. సౌకర్యం కోసం దాటేస్తే ఓడినవారికి అదే ఆయుధం. ఆన్‌లైన్‌లో సాధారణంగా వచ్చే ఇబ్బంది ఓటీపీ: భారతీయ మొబైల్‌కే వెళ్లే ఓటీపీ పెడితే విదేశాల్లోని సభ్యులు ఓటేయలేరు, ఈమెయిల్‌కూ వెళ్లే ఏర్పాటు ఉండాలి. అసలు లింకులు పంపడానికి వారం ముందు పరీక్ష ఈమెయిల్ పంపి, తిరిగొచ్చిన చిరునామాలను సభ్యులతో మాట్లాడి సరిచేయాలి. విభాగంలో అందరూ ఒకే ఉమ్మడి ఈమెయిల్ ఇచ్చిన సందర్భాలు ఈ పరీక్షలోనే బయటపడతాయి. గూగుల్ ఫామ్‌తో ఎన్నిక జరపకూడదు. ఈమెయిల్ నమోదు చేస్తే ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుంది, చేయకపోతే ఒకరే రెండుసార్లు వేయవచ్చు. ఓటింగ్ నడుస్తుండగా ఎవరెవరు ఇంకా వేయలేదన్న జాబితాను ఏ అభ్యర్థికీ చూపకూడదు. పదవిలో ఉన్నవారికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే ఓటింగ్ మొదలయ్యేలోపు మార్పించాలి.

తపాలా ఓటులో రెండు కవర్ల పద్ధతి పాతదే అయినా గట్టిది. లోపలి కవరుపై ఏమీ రాయకూడదు, బయటి కవరుపై పేరు, సంతకం ఉండాలి. సంతకాలు సరిచూశాక బయటివి తీసేసి, లోపలివి కలిపేశాకే తెరుస్తారు. బయటి కవరుపై సంతకం మరిచిపోవడం, స్థానాలకు మించి టిక్‌లు పెట్టడం వల్లే ఎక్కువ ఓట్లు చెల్లవు. బ్యాలెట్ కాగితం మీద ‘గరిష్ఠంగా 5’ అని పెద్ద అక్షరాల్లో ముద్రించడం ఖర్చులేని పరిష్కారం.

ఫలితం తర్వాత

పోలైనవి, చెల్లనివి, ఒక్కొక్కరికి వచ్చినవి, అన్నీ అంకెలతో ప్రకటించాలి. ‘ఫలానావారు గెలిచారు’ అని ముగించడం శాస్త్రవేత్తల సంఘానికి తగదు. ప్రాధాన్య ఓటైతే ప్రతి రౌండు పట్టికా ఇవ్వాలి. రీకౌంటింగ్ కోరే గడువు, బ్యాలెట్లు భద్రపరిచే కాలం ముందే రాసి ఉంచాలి. 7 రోజులు, 6 నెలలు సరిపోతాయి. పోటీయే లేకుండా ఏకగ్రీవమైనచోట కూడా ప్రకటన మామూలుగానే సభ్యులకు చేరాలి.

కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. 1860 చట్టం కింద వార్షిక సమావేశం తర్వాత 14 రోజుల్లోపు, తెలుగు రాష్ట్రాల చట్టం కింద 15 రోజుల్లోపు. ఇది ఆలస్యమైతే బ్యాంకులు కొత్త సంతకాలు ఒప్పుకోవు. ఎన్నికపై తగువు వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పరు. తెలుగు రాష్ట్రాల చట్టంలోని 23వ సెక్షన్ కింద సభ్యులు మధ్యవర్తిత్వానికైనా పోవాలి, జిల్లా కోర్టుకైనా వెళ్లాలి. రెండూ నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేవే. ఈలోపు సదస్సు, పత్రిక, నిధులు అన్నీ చిక్కుబడతాయి కాబట్టి సంఘంలోనే ముగ్గురు సభ్యుల అప్పీళ్ల కమిటీ ఉండటం మంచిది.

ఓడిపోయిన కార్యవర్గ సభ్యుడు అప్పగించాల్సినవి రసీదు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు మాత్రమే కావు. సంఘం వెబ్‌సైట్ డొమైన్ ఎవరి సొంత ఈమెయిల్‌తో రిజిస్టరైందో, పునరుద్ధరణ రుసుము ఎవరి కార్డు నుంచి పోతోందో చూడాలి. ఆదాయపు పన్ను పోర్టల్ లాగిన్, డిజిటల్ సంతకం, పత్రిక వ్యాసాలకు శాశ్వత గుర్తింపు సంఖ్యలు (డీఓఐలు) నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థలోని ఖాతా, వ్యాసాల సమర్పణ వ్యవస్థ అడ్మిన్ హక్కులు, సభ్యుల డేటాబేస్, ఆన్‌లైన్ చెల్లింపుల ఖాతాకు అనుసంధానించిన మొబైల్ నంబర్ అన్నీ ఈ పట్టికలోకి వస్తాయి. గెలుస్తామన్న నమ్మకం ఉన్నా సరే, ఈ పట్టికను నామినేషన్ వేసే వారంలోనే తయారుచేసి రిటర్నింగ్ అధికారికి ఒక ప్రతి ఇవ్వాలి. ఫలితం వచ్చిన 15 రోజుల్లో దిగిపోయేవారు, కొత్తగా వచ్చేవారు ఇద్దరూ కూర్చుని ఒక్కో అంశం ఎదురుగా సంతకాలు చేస్తే అప్పగింత పూర్తయినట్టు. గెలిస్తే అదే పట్టికను తేదీ మార్చి కొత్త కార్యదర్శికి ఇవ్వవచ్చు.